సుద్దగీతకు ఇవతల

మార్చిలో, సూర్యారావుపేట ఆసుపత్రిలో
ఎడమ పక్క, మెడ ఎముక కింద కోసి
అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా పెట్టి కుట్టేశారు.
దాన్నించి రెండు వైర్లు
నరంలోంచి దిగి గుండె లోపలికి.

నాకు వైరింగు కొత్తా?
ముప్పై ఒక్క ఏళ్లు ఆటోనగర్లో లారీ బాడీలు కట్టినవాణ్ని.
కంపెనీ ఏది, వారంటీ ఎంత అనడిగాను.
"బ్యాటరీ పదేళ్లొస్తుంది బాబాయ్"
అంది మిషను చూసే పిల్ల నీరజాక్షి.
పదేళ్లు!
ఏ లారీ బ్యాటరీ నాకు మూడేళ్లు మించి వచ్చింది?
నవ్వొచ్చింది. కుట్లు లాగాయి.

ఆ తర్వాత చెప్పింది:
ఫోను కుడి చెవికే పెట్టుకో.
రైల్వేస్టేషను గేటు దగ్గర ఈ కార్డు చూపించు.
వెల్డింగు మాత్రం ఇక వద్దు.

చివరి మాట నాకు
కౌంటరు దగ్గర మౌలాబీ రశీదు మడతపెడుతుంటే
అప్పుడు వినపడింది.

షెడ్డులో ఏలియా
రేకు మీద మార్కింగు చేసే సుద్దతోనే
సెట్టు చుట్టూ ఒక గీత గీశాడు.
"ఇది దాటొద్దు భాయ్."
అద్దం లేకుండా మంట చూశావని
ఎనిమిదేళ్ల కింద వాడి వీపు మీద చరిచిన చెయ్యి
జేబులో పెట్టుకుని నిలబడ్డాను.

అప్పట్నించీ చెవులతోనే నా పని.
ఆర్కు కుదిరితే
కాగే నూనెలో బజ్జీ జారవిడిచినట్టు
ఒకటే చుయ్.
తెగితే పొడిదగ్గు.
దగ్గరికి పట్టరా అంటాను.
కరెంటు తగ్గించు, రేకు కాలిపోతోంది అంటాను.
అటు తిరక్కుండా ఎలా తెలుస్తుంది భాయ్ అంటాడు.
అటు తిరిగితే
కాళ్లు గీత మీదికి పోతాయని వాడికి చెప్పను.

ముసురు పట్టిన రాత్రి
ఇబ్రహీంపట్నం బూడిద లారీ, తెల్లారితే లోడు.
వెనక తలుపు కొక్కెం ఊడింది.
చెల్లెలి కాన్పని ఏలియా గుంటూరు వెళ్లాడు.
ఓనరు తిరపతయ్య టీ తాగుతూ
నాలుగుసార్లు టైము చూశాడు.
రెండంగుళాల కుట్టు.
ఒక రాడ్డు కూడా పూర్తిగా పట్టదు.
మసీదు మెట్లెక్కేవాడిలా చెప్పులు విప్పబోయి
తడి నేలని గుర్తొచ్చి మళ్లీ తొడుక్కున్నాను.

హోల్డరు చేతికి పాత బరువే.
నీలం వెలుగు.
ఇనుము కరిగి, గుంటై, నిండి
చేప పొలుసుల్లా వరసగా పేరుకుంది.
నాకేం కాలేదు.
ఎవరికీ చెప్పలేదు.

చలి మొదలయ్యాక చెకింగు.
నా ఛాతీ మీద మౌసులాంటిదేదో ఆనించి
నీరజాక్షి తెర మీద గీతలు వెనక్కి జరిపింది. ఆగింది.
"ఆగస్టు పద్నాలుగు, రాత్రి పదకొండూ ఇరవైకి
ఏం చేశావు బాబాయ్?"

మౌలాబీ నావైపు తిరిగింది.
నా చర్మం కింద కూర్చుని
నా మీదే చాడీలు!

"ఈసారికి గట్టెక్కావు" అంది ఆ పిల్ల.
"బయట గోల ఎక్కువైతే దీనికి
నీ గుండె చప్పుడేదో తెలీదు.
వినడం మానేసి
తన లెక్కలో తను కొట్టుకుంటూ పోతుంది,
గోల తగ్గేదాకా."

బస్సు బెంజిసర్కిలు దాటేదాకా
మౌలాబీ పెదవి విప్పలేదు.
నేను ఆ పిల్ల మాటే నములుతున్నాను.
ముప్పై ఒక్క ఏళ్లు సుత్తుల మధ్య, గ్రైండర్ల మధ్య.
ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా చెవుల్లో అదే రొద.
ఆమె ఏదో చెప్పేది.
నేను ఊ కొట్టేవాణ్ని, నా లెక్కలో నేను.
ఏం చెప్పేదో ఒక్కటీ గుర్తులేదు.

"ఏమన్నావు?" అనడిగాను.
"నేనేమన్లా."
కాసేపాగి, "పటమటలో దిగుదాం.
అరటిపళ్లు కొనాలి" అంది.

ఇవాళ పొద్దున
లారీల వెనక రాతలు రాసే పెయింటరు దగ్గర
అడుగూ బొడుగూ ఎర్ర రంగు తెచ్చి
ఏలియా గీత మళ్లీ గీశాడు.
ఈసారి ఇంకో అడుగు ఇవతలికి.
అద్దం దించి ఆర్కు అంటించాడు.
చిటపట, చిటపట.

రాడ్డు చెమ్మగిల్లిందిరా,
అది పారేసి ఇంకోటి తీసుకో.